ఆయన చదవని పేజీ

బియ్యం డబ్బా మీద, అగ్గిపెట్టె పక్కన ఉండాల్సిన
నా పద్దుల పుస్తకం
నిన్న సాయంత్రం పాలకొల్లు బస్టాండు దగ్గర
మైకు ముందుంది.
అడక్కుండా పట్టుకెళ్ళారు. అడిగితే ఇచ్చేదాన్నే,
అట్టకంటిన పసుపు వేలిముద్ర తుడిచి మరీ.

వెనకాల చెరుకురసం బండి పక్కన
గుబ్బల నాగరత్నంతో నిలబడి విన్నాను.
"ఇది నా ఇల్లాలి పుస్తకం" అన్నారు, చెయ్యెత్తి చూపిస్తూ.
ఎవరో ఈల వేశారు.
నా చేతిరాత అంతమంది చూడ్డం అదే మొదలు.
చూసినవాళ్ళలో సగంమందికి నేను చేబదులున్నాను.

గ్యాసుబండ చదివారు. కరెంటు బిల్లు, దాని మీద సర్దుబాటు,
సర్దుబాటు మీద ఇంకో సర్దుబాటు.
చెత్తపన్ను చదివి కాసేపు ఆగారు.
ఎక్కడ ఆగాలో ఆయనకి బాగా తెలుసు.
"పిల్లాడి పెన్సిలు మీద పన్ను, చెరిపే రబ్బరు మీద పన్ను!
తప్పు రాస్తే ఒకటి, దిద్దుకుంటే ఒకటి!"
అది నా పుస్తకంలో లేదు. సొంతంగా కట్టారు.
బాగుంది.

అంతకుముందు ఐదేళ్ళు ఆయన కౌన్సిలరు.
ఇంటిపన్ను పెంచిన తీర్మానానికి
ఇదే చెయ్యి, ఇంతే ఎత్తున లేచింది.
ఆ రాత్రి కంచం ముందు కూర్చుని
"ఊరికి డ్రైనేజీ వద్దేంటే?" అన్నారు.
అదీ నిజమే.
డ్రైనేజీ మా వీధి మలుపుదాకా వచ్చి ఆగింది.

"సర్కారెలా నడపాలో సంసారం చేసే ఆడదాన్నడగండి!
ఉన్నదాంట్లో సర్దుతుంది, అప్పు చెయ్యదు!"
చప్పట్లు.
నాగరత్నం నా మెళ్ళోకి చూసింది.
ఉత్త పసుపుతాడు మీదికి కొంగు లాక్కున్నాను.

ఎవరు చెప్పారు ఆయనకి, ఇల్లు సర్దుకుంటే నడుస్తుందని?
ఇల్లు వసూళ్ళ మీద నడుస్తుంది.
నేనూ పన్నేస్తాను.
అత్తగారి పింఛను జోలికెళ్ళను.
చంటోడి ముంతలో చిల్లర, నెలాఖర్లో మాత్రం,
మళ్ళీ వేస్తానని వాడి మీదే ఒట్టేసి.
ఆయన చొక్కాజేబు, నిద్రపట్టాక.
మిగతాదంతా నా మీదే:
రెండోపూట కాఫీ, పంటి డాక్టరు,
లేసు అల్లిన డబ్బులు అల్లినవి అల్లినట్టే.

మా నాన్నది శివారు పొలం.
లాకు పక్క చేలు మూడు తడులు తాగాక
మిగిలిన బురద మా గట్టుకొచ్చేది.
నీటితీరువా మాత్రం ఎకరానికి అందరికీ ఒకటే.
రసీదు నాలుగు మడతలు పెట్టి
"నీరు పల్లమెరుగునంటారు గానీ అమ్మా,
మన పల్లాన్ని రసీదే ఎరుగును" అనేవాడు.
ఆ మాట మైకులో చెప్పొచ్చు. ఆయనకీ తెలుసు.
చెప్పలేదు.
స్టేజీ వేయించింది లాకు పక్క చేలవాళ్ళు.

అప్పుడే వేలు తడిచేసుకుని
రెండు కాగితాలు కలిపి తిప్పేశారు.
అంత దూరం నాకానదు. అయినా తెలిసింది.
పదిహేనో పేజీ అది:
జెండాగుడ్డ, నలభై మీటర్లు.
కుట్టుకూలి, ఏసుపాదానికి బాకీ.
ఆటో, మైకు, మూడు రోజులు.
కార్యకర్తలకి పెసరట్లు, ఉప్మాతో.
బ్యాంకులో నానుతాడు, వడ్డీ.

రాత్రి పదకొండింటికొచ్చారు, గొంతు పోయి.
పుస్తకం మాత్రం బియ్యం డబ్బా మీద, ఉండాల్సిన చోటే పెట్టారు.
పడుకున్నాక తిప్పి చూశాను.
పదిహేనో పేజీ అడుగున, పెన్సిలుతో,
"ఇచ్చేస్తాను."
సంతకం ఉంది. తారీఖు లేదు.

దాని కింద ఇవాళ్టిది రాశాను:
శొంఠికొమ్ము, మిరియాలు, పన్నెండు రూపాయలు.
లేచి, వంకీకున్న చొక్కా దాకా వెళ్ళొచ్చి,
జేబులోంచి ఇరవై.
జమ.